మగ్గం కట్టెతో చేసిన తొట్లె

మన షోలాపూర్‌లో ఇప్పుడు పాత ఇళ్లు పడగొట్టి స్లాబు ఇళ్లు కట్టుకుంటున్నరు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది సామాను అంతా కిందికి దిగుతది. పాత గుండిగలు, గంగాళం, విరిగిన రాట్నం, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె. వాటి వెనకాల ఒక తొట్లె కూడా ఉంటది. గుండిగలు తూకానికి పోతయి. ట్రంకు పెట్టె భంగార్‌వాలా తీసుకుంటడు. తొట్లె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటి ఆడవాళ్లు కాసేపు ఆగుతరు. ఉంచుకుందామంటే జాగ లేదు, అమ్ముదామంటే మనసు రాదు.

మనం తొట్లె అంటం. ఆంధ్ర వైపు వాళ్లు ఉయ్యాల అంటరు. పక్కింటి మరాఠీ వాళ్లు పాళ్ణా అంటరు. పేరు ఏదైనా పని ఒకటే. బిడ్డను పండబెట్టి తల్లి తన రెండు చేతులు ఖాళీ చేసుకునేందుకు పెట్టుకున్న వస్తువు అది. తొట్లె అంటే ముద్దుగా చిలకలు కట్టి ఊపేది అని అందరూ అనుకుంటరు. మన పనిచేసే ఇళ్లలో మాత్రం అది తల్లికి మూడో చెయ్యి. ఆ మూడో చెయ్యి లేని తల్లి ఏం చేయాలె? ఈ మాట మా ఇంట్లో ఐదు తరాల నుంచి నడుస్తున్నది. అందుకే మా తొట్లె సంగతి రాస్తున్న. నేను తెలుగు బడిలో నాలుగో తరగతి దాకనే చదివిన. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

తాత మగ్గం

మా తాత ముత్తాతలు కరీంనగర్ వైపు నుంచి షోలాపూర్ వచ్చిన పద్మశాలీలు. షోలాపూర్‌లో మొదటి పెద్ద మిల్లు, మనం జూనీ మిల్లు అనేది, 1877లో లేచింది. ఆ తరువాత ఒకదాని వెనక ఒకటి మిల్లులు వచ్చినయి. చేతిమగ్గాల వాళ్లకు కూడా ఇక్కడ నూలు సులువుగా దొరికేది, చీరలకు గిరాకీ ఉండేది. అట్ల తెలంగాణ నుంచి మనవాళ్లు కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి స్థిరపడ్డరు.

మా అమ్మమ్మ వాళ్లాయన, అంటే మా తాత, మొదట ఇంట్లో గుంట మగ్గం మీద నేసేవాడు. మగ్గం మీద వచ్చేది తిండికి చాలక మిల్లులో చేరిండు. మగ్గం కొన్ని రోజులు అట్లనే ఉండె. 1936లో మా అమ్మ పుట్టింది. ఆ ఖోళిలో మగ్గానికీ బిడ్డకూ కలిపి జాగ లేదు. తాత మగ్గం విప్పి, గుంట పూడ్చి, ఆ కట్టె మా పేటలోని వడ్లాయనకు ఇచ్చిండట. "దీనితోటి తొట్లె చేయి" అన్నడట.

ఆ తొట్లె మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. నాలుగు మూలలకు నాలుగు గుంజలు, పక్కలకు గుండ్రంగా చెక్కిన చువ్వలు, అడుగున పలక. పైన అడ్డకట్టె మాత్రం మగ్గానిదే, వడ్లాయన దాన్ని చెక్కకుండ ఉన్నదున్నట్టే పెట్టిండు. దాని మీద తాడు రాసుకొని పడ్డ గాడి ఇప్పటికీ చేతికి తగులుతది. నాలుగు కొక్కేలు, గొలుసు కమ్మరి చేసినవి. తరువాత ఎవరో ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు వేయించిన్రు.

తొట్లెలో వేసే పండుగ మన ఇళ్లలో ఇరవై ఒకటో రోజు చేస్తరు. మరాఠీ వాళ్లు పన్నెండో రోజు బారసె చేస్తరు. ఒకే వాడాలో ఉండి ఉండి మన పద్ధతులు వాళ్లకు, వాళ్లవి మనకు అంటుకున్నయి. మా ఇంట్లో బిడ్డను వేసే ముందు తొట్లెలో పొత్రం రాయి పెట్టి ఊపుతరు. బిడ్డ రాయి లెక్క గట్టిగా ఉండాలని పెద్దలు చెప్తరు. మా అమ్మమ్మ మాత్రం ఇంకో మాట చెప్పేది. "ముందు రాయి ఊగాలె. తాడు తెగితే రాయి పడుతది, పిల్ల పడదు." ఏ ఆచారంలో ఏ జాగ్రత్త దాగి ఉందో మనకు తెల్వదు.

అమ్మమ్మ మిల్లుకు పోయిన రోజులు

అమ్మ పుట్టిన కొన్ని నెలలకు అమ్మమ్మ కూడా మిల్లులో రీలింగు ఖాతాలో చేరింది. ఆ రోజుల్లో రీలింగు, వైండింగు ఆడవాళ్ల ఖాతాలు. పొద్దున భోంగా మోగితే గేటు దగ్గర ఉండాలె. ఆలస్యమైతే గేటు మూస్తరు, ఆ రోజు కూలి పోయినట్టే.

ఇక బిడ్డను ఎవరు చూడాలె? పెద్ద కుటుంబమైతే అత్త ఉంటది, ఆడబిడ్డ ఉంటది. ఊరు విడిచి వచ్చినోళ్లకు ఎవరుంటరు? ఆ కాలంలో మిల్లు తల్లులు పట్టిన దారి ఒకటుంది. చెప్పుకోవడానికి బాగుండదు కానీ చెప్పాలె. బిడ్డకు రవ్వంత నల్లమందు పెట్టి పండబెట్టి పోయేది. మరాఠీలో అఫూ అంటరు. బొంబాయిలో దాన్ని బాలగోలీ పేరుతో అమ్మేవాళ్లు. 1922లో సర్కారు లేబర్ ఆఫీసు తరపున ఒక డాక్టరమ్మ బొంబాయి మిల్లు కూలీ ఆడవాళ్ల ఇళ్లు తిరిగి చూసి, దాదాపు అందరు తల్లులూ పసిపిల్లలకు నల్లమందు ఇస్తున్నరని రిపోర్టు రాసింది. మత్తులో బిడ్డ ఏడవదు, పాలు అడగదు. పాలు తాగక ఎండిపోతది. మోతాదు కొంచెం ఎక్కువైతే ఊపిరి ఆగుతది. ఆ తల్లులకు ప్రేమ లేక కాదు. పని చేస్తే బిడ్డకు తోడు లేదు, పని మానితే ఇంట్లో తిండి లేదు.

మా అమ్మమ్మ ఉన్న వాడాలోనే ఒక పసిపిల్ల అట్ల నిద్రలోనే పోయిందట. ఆ ఇంటి పేరు అమ్మమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మందు వద్దన్నది. వాడాలో కళ్లు సరిగ కనపడని ఒక ముసలామె ఉండేది. నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకొని నెలకు తలా కొంత పైకం, ఒక పూట బువ్వ ఆమెకు ఇచ్చే కట్టుబాటు చేసుకున్నరు. వరండా దూలానికి నాలుగు తొట్లెలు కట్టిన్రు. మూడు చీర జోలెలు, ఒకటి మా కట్టె తొట్లె. ముసలామె నడుమ కూర్చొని నాలుగు తాళ్లు చేతుల్లో పట్టుకునేది. కళ్లు కనపడకపోయినా ఏడుపు వింటే ఏ పిల్లో చెప్పేదట.

అదే మన వాడా తొట్లెల ఇల్లు. ఏ సర్కారూ పెట్టింది కాదు. నలుగురు ఆడవాళ్లు కూలి డబ్బుల్లోంచి పెట్టుకున్నది.

చట్టాలు లేవని కాదు. బొంబాయి ఇలాకాలో 1929లోనే కాన్పు సాయం చట్టం వచ్చింది. 1934 ఫ్యాక్టరీ చట్టంలో, యాభై మందికి మించి ఆడవాళ్లున్న కార్ఖానాల్లో పిల్లలకు గది పెట్టించే అధికారం రాష్ట్ర సర్కార్లకు ఇచ్చిన్రు. కాగితం మీది మాట మా అమ్మమ్మ ఖాతా దాకా రావడానికి మాత్రం చాలా ఏండ్లు పట్టింది.

అమ్మ కాలి బొటనవేలు

మా అమ్మ మిల్లుకు పోలేదు. పెండ్లి అయినాక బీడీలు చేసింది. షోలాపూర్‌లో మన ఆడవాళ్లు ఎంతమంది బీడీల మీద ఇల్లు నడిపిన్రో మీకు చెప్పాల్సిన పని లేదు. బ్రాంచిలో తునికాకు, తమాకు, దారం తూచి ఇస్తరు. ఇంటికి తెచ్చి ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి మళ్లీ బ్రాంచికి తీసుకుపోవాలె. కూలి వెయ్యికి ఇంత అని. నాసిగా ఉన్నయని తీసేసినవి లెక్కకు రావు.

1957లో నేను పుట్టిన. నా తరువాత నలుగురు. ఐదుగురం ఆ తొట్లెలోనే పెరిగినం. బీడీలు చేసే చోట బిడ్డను ఉంచితే తమాకు ఘాటుకు దగ్గు వస్తది, కళ్లు మండుతయి. అందుకని అమ్మ తొట్లెను ఇంట్లో కాకుండ బయట వసారాలో కట్టేది. తాడును కిటికీ చువ్వల నడుమ నుంచి లోపలికి తెచ్చి తన కుడికాలి బొటనవేలికి చుట్టుకునేది. చేతులు బీడీ చుడుతుంటే కాలు తొట్లె ఊపేది. మధ్యలో మాట్లాడేది, పెద్దోళ్లను తిట్టేది, పొయ్యి మీది పప్పు చూడమని నాకు చెప్పేది. కాలు మాత్రం ఆగకపోయేది.

అమ్మ ముసలిదైనాక కూడా కూర్చుంటే కుడికాలు దానంతట అదే ఆడుతుండేది. బొటనవేలి చుట్టూ చర్మం గట్టిపడి ఉంగరం లెక్క ఉండేది. మేం చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వేటోళ్లం.

బీడీ కార్మికుల కోసం 1966లో విడిగా చట్టం వచ్చింది. అందులో కూడా పిల్లల గది మాట ఉండె. కానీ అది బీడీ కార్ఖానా జాగకు వర్తించేది. ఇంట్లో కూర్చొని చేసేవాళ్లకు ఇల్లే కార్ఖానా, కిటికీయే పిల్లల గది, బొటనవేలే దాయి.

మిల్లులో పాళ్ణాఘర్

నేను 1977లో మిల్లులో వైండింగు ఖాతాలో బద్లీగా చేరిన. తరువాత పర్మనెంటు అయిన. 1979లో నా పెద్దబిడ్డ పుట్టింది. అప్పటికి 1961 కాన్పు చట్టం కింద పన్నెండు వారాల సెలవు జీతంతో ఉండేది. సెలవు అయిపోగానే బిడ్డను ఎత్తుకొని గేటు దగ్గరికి పోయిన.

1948 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేండ్ల లోపు పిల్లలకు గది ఉండాల్సి ఉండేది. 1976లో దాన్ని సవరించి ముప్పై మందికి మించితే చాలన్నరు. మరాఠీలో ఆ గదిని పాళ్ణాఘర్ అంటరు. అంటే తొట్లెల ఇల్లు. ఈ పేరు నాకు చానా ఇష్టం. ఇంత పెద్ద చట్టాన్ని ఒక్క తొట్లె పేరుతో పిలిచిన్రు.

మా మిల్లు పాళ్ణాఘర్ గేటుకు దగ్గర, రేకుల కప్పు కింద ఉండేది. గోడ పొంటి ఇనుప పైపుల తొట్లెలు, వాటికి దుప్పటి గుడ్డ జోలెలు. ఇద్దరు దాయిలు ఉండేది. నీళ్ల కుళాయి, చిన్న పొయ్యి, పాలు. తల్లులు పాలు ఇయ్యడానికి బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు విరామం చట్టంలోనే ఉంది. ఆ టైము అయ్యేసరికి రవికె తడిసేది. ఖాతా నుంచి ఉరికి వచ్చి ముందు చేతులు కడుక్కొని, జుట్టుకు, చీరకు అంటిన దూది దులుపుకొని అప్పుడు బిడ్డను ఎత్తుకోవాలె. దులపకుండ ఎత్తుకుంటే దాయి కోప్పడేది. "నీ దూది పిల్ల ముక్కులోకి పోతది, ముందు దులుపుకో" అనేది.

మా ఇంటి కట్టె తొట్లె అప్పుడు రాత్రులకే. పగలు మిల్లు తొట్లె, రాత్రి తాత మగ్గం తొట్లె. పుట్టింటి నుంచి అమ్మ దాన్ని రిక్షాలో వేసుకొని తెచ్చిచ్చింది. తల్లిగారు తొట్లె పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. కొత్తది కొనలేక పాతది తెచ్చిందని మా అత్త కొంచెం మొహం ముడుచుకున్నది. తొట్లె కట్టి ఊపి చూసినాక, "కట్టె గట్టిదే" అన్నది. ఇంకేం అనలేదు.

కొన్నేండ్లకు మిల్లులో కొత్త వైండింగు మిషన్లు వచ్చినయి. రిటైరైన ఆడవాళ్ల జాగలో ఆడవాళ్లను తీసుకోవడం ఆపేసిన్రు. ముప్పై నలుగురం ఉన్నప్పుడు పాళ్ణాఘర్ నడిచింది. ఇరవై ఏడుగురం అయినప్పుడు తాళం పడింది. "చట్టంలో లేదు" అన్నరు. ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు, ఈ లెక్క ఎవరు చేసిన్రో, ఎట్ల చేసిన్రో మాకు తెలుసు. ఆ గదిలో వేస్టు దూది బోరాలు నింపిన్రు. చట్టంలో సంఖ్య ఉన్నప్పుడు ఆ సంఖ్యకు ఒక్కటి కింద ఆగేటోళ్లు ఎప్పుడూ ఉంటరు. మనం చట్టం చదివేటప్పుడు సంఖ్య దగ్గర కొంచెం ఆగి చదవాలె.

తరువాత మిల్లే మూతపడ్డది. నేను టవల్ కార్ఖానాలో ప్యాకింగు పనికి పోయిన.

బిడ్డ పొద్దున, నేను సాయంత్రం

నా బిడ్డ టవళ్ల అంచు కుట్టే పని నేర్చుకున్నది. 2001లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. షోలాపూర్ చద్దరు, టవలు దేశమంతా పోతయి. అవి తయారయ్యే షెడ్లు మాత్రం చానా వరకు చిన్నవి. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటేనే ఫ్యాక్టరీ చట్టం కిందికి వచ్చేది. ఒక షెడ్డులో ఆరుగురు, పక్క షెడ్డులో ఏడుగురు. యజమాని ఒకడే అయినా పేర్లు వేరువేరు. అటువంటి చోట పాళ్ణాఘర్ మాట ఎవరి నోటి నుంచి వస్తది?

బిడ్డ మొదట షెడ్డు వెనకాల రెండు పైపుల నడుమ చీర జోలె కట్టింది. మర మగ్గాల చప్పుడు మీకు తెలుసు. పక్కన ఉన్న మనిషి మాట వినాలంటే అరవాలె. ఆ చప్పుట్లో పసిపిల్ల ఏడిస్తే తల్లికి వినపడదు. నాలుగు రోజులకు షెడ్డాయన "ఇక్కడ జోలెలు వద్దు" అన్నడు. చప్పుడు, దూది చూస్తే ఆ మాట మంచికే అనుకోవచ్చు. కానీ మరి ఎక్కడ అని ఎవరూ చెప్పలేదు.

అప్పుడు మేం ఇద్దరం మాట్లాడుకున్నం. ఆమె పొద్దున పనికి పోవాలె, నేను సాయంత్రం ప్యాకింగుకు పోవాలె. మధ్యాహ్నం గుమ్మం దగ్గర పిల్ల చేతులు మారేది. తొట్లె మళ్లీ దూలానికి ఎక్కింది. అమ్మ బొటనవేలి విద్య నాకు అప్పుడు పనికి వచ్చింది. కాలితో ఊపుకుంట చేతులతో బియ్యం ఏరుకునేదాన్ని.

మనవరాలు టేపు పట్టింది

ఆ 2001 పిల్ల ఇప్పుడు స్టాఫ్ నర్సు. మన ఇంట్లో మొదటిసారి ఒక ఆడపిల్ల తెల్లబట్టల ఉద్యోగం చేస్తున్నది. 2024లో ఆమెకు కూతురు పుట్టింది. 1936 నుంచి లెక్క పెడితే ఐదో తరం. నేను సంతోషంగా తొట్లె దింపి, తుడిచి, చింతపండుతో గొలుసు తోమి పెట్టిన.

మనవరాలు టేపు తెచ్చి చువ్వల నడుమ కొలిచింది. "అమ్మమ్మా, తొమ్మిది సెంటీమీటర్లు ఉంది. ఆరుకు మించొద్దు" అన్నది.

"నువ్వు, మీ అమ్మ, నేను అందరం ఇందులోనే పెరిగినం కద బిడ్డా" అన్న.

"పెరిగినోళ్లం మనం మాట్లాడుతున్నం అమ్మమ్మా. సందులో తల ఇరికినోళ్లు మాట్లాడరు కద" అన్నది.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. పాత రంగుల్లో సీసం ఉండేదట. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం మిలియనుకు తొంభై పాళ్లకు మించొద్దని రూలు 2016లో చేసి 2017 నవంబరు నుంచి అమలు చేసిన్రు. అంతకు ముందు వేసిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో అది ఎంతైనా ఉండొచ్చు. పండ్లు వచ్చే పిల్లలు తొట్లె అంచు కొరుకుతరు. ఆ రంగు పొరలు కడుపులోకి పోతే మెదడు ఎదుగుదలకు దెబ్బ. మా తొట్లె అంచు మీద అందరి పండ్ల గాట్లు ఉన్నయి.

కడకు ఇద్దరం ఒక మాట మీదికి వచ్చినం. ఇరవై ఒకటో రోజు పండుగ మా తొట్లెలోనే చేసినం. కింద కొత్త గుడ్డ పరిచి, చుట్టూ చీర చుట్టి, ముందు పొత్రం ఊపి, పదిమంది కండ్ల ముందర పిల్లను వేసి పేరు పెట్టినం. ఆ పూట అయినాక పిల్ల పండేది గట్టి పరుపు వేసిన కొత్త మంచంలో. తొట్లెను మళ్లీ అటక మీద పెట్టలేదు, గోడకు ఆనించి కండ్ల ముందరనే ఉంచినం.

ఇంత చదివిన మనవరాలికి కూడా అమ్మమ్మ నాటి ప్రశ్నే వచ్చింది. 2017లో కాన్పు చట్టం మారింది. మొదటి రెండు కాన్పులకు ఇరవై ఆరు వారాల సెలవు ఇచ్చిన్రు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పాళ్ణాఘర్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చని అందులో ఉంది. ఈసారి లెక్క ఆడవాళ్లది కాదు, మొత్తం పనివాళ్లది. అంటే ఆడవాళ్లను తగ్గించి తప్పించుకునే దారి మూసుకున్నది. మనవరాలు పనిచేసే దవాఖానలో యాభైకి చానా ఎక్కువ మందే ఉన్నరు. పాళ్ణాఘర్ లేదు. ఆరు నెలల సెలవు అయిపోయినంక ఆమె డ్యూటీకి పోతే మా బిడ్డ, నేను వంతులు వేసుకొని పిల్లను చూస్తున్నం. ఆమెతో పాటు పనిచేసే ఐదుగురు తల్లులు కలిసి దరఖాస్తు రాసి ఇచ్చిన్రు. జవాబు కోసం ఎదురు చూస్తున్నరు. దరఖాస్తు నకలు మీద తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకొమ్మని నేనే చెప్పిన. మిల్లులో నేర్చుకున్న చదువు అది.

తొట్లె కట్టే ముందు

మన ఇళ్లలో ఇంకా చానా మంది పాత తొట్లెలు, చీర జోలెలు వాడుతున్నరు. అందరూ కొత్త మంచం కొనలేరు. కనుక మనవరాలు చెప్పినవి, నేను చేసి చూసినవి కొన్ని రాస్తున్న.

చువ్వల నడుమ సందు 6 సెంటీమీటర్లకు మించొద్దు. టేపు లేకపోతే చల్లని సోడా వచ్చే మామూలు లావు డబ్బాను చూడండి. అది ఆ సందులో దూరితే ఆ తొట్లెలో బిడ్డను ఒంటరిగా పండబెట్టొద్దు. కదిలే చువ్వ ఒక్కటి ఉన్నా వడ్లాయనతో బాగు చేయించాలె.

కొత్త స్లాబు ఇళ్లలో దూలాలు లేవు. కుంభారిలో మన బీడీ కార్మికులకు వచ్చిన ఇళ్లలో కూడా ఇదే సంగతి. తొట్లె కొక్కెం స్లాబు పోసేటప్పుడే ఇనుప చువ్వలకు కట్టి పెట్టించుకుంటే మంచిది. ఫ్యాను కొక్కేనికి తొట్లె కట్టొద్దు. ఏది కట్టినా ముందు బరువు పెట్టి గట్టిగా ఊపి చూడాలె. మన పెద్దల పొత్రం మరిచిపోవద్దు.

చీర జోలెలో బిడ్డ నడుము ఒంగి, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సరిగ ఆడదు. వెనక్కి పండి, మొహం కనపడుతూ ఉండాలె. మొహం మీద చీర కప్పొద్దు. బిడ్డ బోర్ల పడడం మొదలు పెట్టినంక, అంటే నాలుగైదు నెలలకు, జోలె, తొట్లె రెండూ ఆపి కింద పరుపు మీద పండబెట్టాలె. నిద్ర పోయినంక కూడా పిల్లను జోలెలో వదిలి వేరే ఖోళికి పోవద్దు.

జోలె వాడనప్పుడు విప్పి మడిచి పెట్టండి, లేదంటే పైకి ఎత్తి కట్టండి. పెద్ద పిల్లలు దాన్ని ఉయ్యాల చేసుకొని గుండ్రంగా తిరుగుతరు. చీర మెడకు బిగుసుకొని ప్రాణాలు పోయిన పిల్లలు మన దేశంలో ఎందరో ఉన్నరు. ఖాళీ తొట్లె ఊపొద్దని పెద్దలు అన్నది ఎందుకో, ఈ ఒక్క కారణం చాలు.

పిల్ల తల కింద దిండ్లు, మెత్తటి బొంతలు, బొమ్మలు వద్దు. గట్టి, చదునైన పరుపు చాలు. పాత రంగు పొరలు లేస్తుంటే పిల్లలున్న ఇంట్లో వాటిని గీకొద్దు, ఆ దుమ్ము ఇంకా చెడ్డది. అటువంటి తొట్లెను వాడకుండ పక్కన పెట్టడమే మంచిది.

తొట్లెను అమ్మాలా, ఉంచాలా అని అడిగితే నేను చెప్పేది ఇది. కట్టె ఉంచుకోవడానికి జాగ లేకపోతే పోనీ. కానీ అది ఎవరు చేయించిన్రు, ఎవరెవరు అందులో పండిన్రు, ఊపింది ఎవరు, వాళ్లు ఆ రోజుల్లో ఏ పనికి పోయిన్రు, ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టండి. మీ అమ్మ ఉంటే ఈ రోజే అడగండి. మన ఆడవాళ్ల పని చరిత్ర మిల్లు రిజిస్టర్లలో సగమే ఉంది. మిగిలిన సగం ఈ తొట్లె తాళ్లకు కట్టి ఉంది.

ఇంకొక మాట. మన పేటల్లో టవల్ షెడ్లు వందలు ఉన్నయి, ఒక్కొక్క దాంట్లో పదిమంది కూడా ఉండరు. చట్టం లెక్కకు ఎవరూ అందరు. కానీ నాలుగు షెడ్ల తల్లులు కలిస్తే ఒక గది, ఒక దాయి పెట్టుకోవచ్చు. మా అమ్మమ్మ వాడాలో నలుగురు ఆడవాళ్లు కళ్లు సరిగ కనపడని ముసలామెతోటి చేసి చూపించిన్రు. మన సంఘాల హాళ్లు పెండ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటయి. పగటి పూట ఒక గది అడిగితే ఇయ్యమంటరా? నేను వంతుకు వచ్చి కూర్చోవడానికి తయారుగా ఉన్న. నా కుడికాలు ఇంకా బాగనే ఆడుతున్నది.